దేవసహాయం గారి దాహం

మాదాపూర్,
జనవరి, 1998.

పెద్దమ్మకు తిమోతి వందనాలు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. వేళకు తింటున్నాను. ఆదివారం మందిరానికి పోతున్నాను. సిగరెట్ ముట్టడం లేదు. మూడింటిలో రెండు నిజం. ఏ రెండో నువ్వే తేల్చుకో.

పని దొరికింది. ఇక్కడ బండలు పేల్చి అద్దాల మేడలు కడుతున్నారు. వాటిలో కంప్యూటర్లు కూర్చుంటాయట. మనుషులు కూడా కూర్చుంటారట గానీ చల్లగాలి మాత్రం కంప్యూటర్ల కోసమే అంటున్నారు. మా మేడకు ఇంకా పేరు పెట్టలేదు. నేను కరెంటు పని చూస్తున్నాను. ఇంజినీరు సర్టిఫికెట్ అడిగాడు. కాలిపోయిన స్విచ్చులు విప్పి నేర్చుకున్నవాడికి సర్టిఫికెట్ ఎవడిస్తాడు? షాక్ కొట్టిన మచ్చ చూపించాను. పెట్టుకున్నాడు.

పని ఇప్పించింది మందిరమే. బోరబండలో నేను కిరాయికున్న గది పక్కనే రేకుల షెడ్డు మందిరం ఉంది. దాని సంఘ పెద్ద దేవసహాయం గారు, గుంటూరు వైపు మనిషి. మా సైట్‌కు కూలీలను తెచ్చేది, వాళ్లను గుడిసెల్లో ఉంచేది, వాళ్ల మంచిచెడ్డలు చూసేది ఆయనే. చెడ్డలు బాగా చూస్తాడు.

కూలీలు తాగడానికి వేరే ట్యాంకర్ వచ్చేది. క్రిస్మస్ కేకు అరిగిందో లేదో, ఖర్చు దండగని దాన్ని ఆపించాడు. ఇప్పుడు స్లాబులు తడపడానికి తవ్విన సంపులోంచే తాగాలి. ఆ నీళ్లు సిమెంటు మీంచి, తుప్పు కడ్డీల మీంచి కారి, తిరిగి అదే సంపులో పడతాయి. పైన నాచు, కింద బురద, మధ్యలో మనవాళ్ల బిందె.

సీతాబాయి అని ఒకామె ఉంది, పాలమూరు నుంచి వచ్చింది. ఇటుకలు మోస్తుంది. నాలుగో నెల. మొగుడు వీరేశం స్లాబుల కింద సెంట్రింగ్ చెక్కలు కొడతాడు. ఇద్దరూ ఎల్లమ్మకు మొక్కేవాళ్లు. ఆమె దేవసహాయం గారికి ఎదురుపోయి, "అయ్యా, గీ నీళ్లు పసురం గూడ తాగది" అంది.

ఆయన కళ్లు సగం మూసి, "కష్టంలోనే ఓర్పు నేర్చుకోవాలమ్మా. ఓర్చుకున్నవాళ్లకే కిరీటం" అన్నాడు.

"కిరీటమొద్దయ్యా. బిందెడు నీళ్లియ్యి."

ఆ ఆదివారమే ఆయన మందిరంలో నిలబడి, పౌలు తిమోతికి రాసిన మాట ఎత్తుకున్నాడు. మంచి సిపాయిలా కష్టం అనుభవించమన్న మాట. నా వైపు వేలు చూపించి, "ఏం తిమోతీ, నీకే రాశాడయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. ఈ పేరు పెట్టింది నువ్వే. పౌలు జైల్లో కూర్చుని రాశాడు. ఈయన మారుతి కారులోంచి దిగి చెప్తున్నాడు.

నువ్వు మిషన్ తరఫున ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగి వాక్యం చెప్పినదానివి. నువ్వే చెప్పు. ఓర్చుకోవడమేనా మన పిలుపు? అదే అయితే, పిలిచినవాళ్లకు నేను ఇంట్లో లేనని చెప్పెయ్యి.

నీ కొడుకు,
తిమోతి


జోగిపేట,
ఫిబ్రవరి.

కొడుకు తిమోతికి పెద్దమ్మ మార్తమ్మ దీవెనలు.

సిగరెట్ సంగతి తేల్చుకున్నాను. ఇక్కడికి వచ్చినప్పుడు నీ చెంపతో కూడా తేల్చుకుంటాను.

ఓర్చుకోవడమేనా పిలుపు అని అడిగావు. అవును. నీకు నచ్చినా నచ్చకపోయినా అవును. ప్రభువు పరుపు చూపించి ఎవరినీ పిలవలేదు. ఆయన చూపించిన కొయ్య ఏదో నీకు తెలుసు. మీ అమ్మ పోయిన నాడు నిన్ను నా చేతిలో పెట్టారు. రాత్రంతా ఏడ్చేవాడివి, పొద్దంతా కరిచేవాడివి. నేను ఓర్చుకోకపోతే ఈనాడు ఇంత కోపం కాగితం మీద పెట్టడానికి నువ్వే ఉండేవాడివి కాదు.

అయితే ఒకటి. దేవసహాయం గారు చెప్పిన మాట మంచిదే, చెప్పిన నోరు మంచిది కాదు. కష్టపడేవాడు తనకు తాను చెప్పుకుంటే అది వాక్యం. కష్టపెట్టేవాడు చెప్తే, దొంగ వచ్చి ఇంటాయనతో "ధనం మీద ఆశ వద్దు నాయనా" అన్నట్టుంటుంది. అంతమాత్రాన వాక్యాన్ని ఆయనకు రాసిచ్చి నువ్వు బయటికి నడవకు. అది ఆయన తాత ఆస్తి కాదు.

నీ ఉత్తరం మళ్లీ చదివాను. కూలీలు ఏ నీళ్లు తాగుతున్నారో రాశావు. ఆ కడుపుతో ఉన్న బిడ్డ ఏ నీళ్లు తాగుతుందో రాశావు. నువ్వు ఏ నీళ్లు తాగుతున్నావో రాయలేదు.

పెద్దమ్మ


మాదాపూర్,
మార్చి.

పెద్దమ్మకు వందనాలు.

నా నీళ్ల సంగతి తర్వాత. ఇక్కడ అంతకంటే పెద్ద పరేషాన్ ఉంది.

సీతాబాయి కళ్లు పచ్చబడ్డాయి. వీరేశం, నేను కలిసి దవాఖానకు తీసుకుపోయాం. కామెర్లు అన్నారు. ఈ నెలల్లో కామెర్లు వస్తే తల్లికీ లోపలి బిడ్డకూ ప్రాణాల మీదికి వస్తుందని, మంచినీళ్లు తప్ప వేరేవి ముట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. చెప్పడం ఎంత తేలిక. కాచుకుందామని గుడిసెల ఆడవాళ్లు చెక్కముక్కలు ఏరితే, సెంట్రింగ్ చెక్క దొంగతనం అని దేవసహాయం గారి మేస్త్రీ లాక్కున్నాడు. ఇంకా ముగ్గురికి కళ్లు పచ్చగానే ఉన్నాయి.

నేను పోయి అడిగాను. ట్యాంకర్ తెప్పించండి, మనిషి చచ్చిపోతుంది అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు ఇక్కడ అన్నిటికంటే ఒళ్లు మండేది ఆ చెయ్యే.

"లెంటు ఉపవాస రోజులు నడుస్తున్నాయి తిమోతీ. ప్రార్థనలో పెడదాం."

నిజంగానే పెట్టాడు. ఆదివారం ప్రార్థన మనవుల్లో, ఒక విద్యార్థి కంప్యూటర్ పరీక్షకూ, ఒకరి మోకాళ్ల నొప్పికీ మధ్యలో, "మా పని స్థలంలో ఒక అన్యురాలి అనారోగ్యం" అని చదివాడు. దేవుడికి అడ్రసు కూడా సరిగ్గా ఇవ్వలేదు. ట్యాంకర్ ఆపింది ఎవరో చెప్పనే లేదు.

గుడ్ ఫ్రైడే వస్తోంది. మన దగ్గరలాగే ఇక్కడా సిలువ మీది ఏడు మాటలకు ఏడుగురు లేచి మాట్లాడతారు. ఐదో మాట, దాహమని అడిగిన మాట, ఏటా దేవసహాయం గారిదే. ఇంకొకరికి ఇవ్వరు. మధ్యలో ఆయన గొంతు ఆరిపోతుందట. కళ్లు మూసుకుని, బల్ల మీది గ్లాసు ఎత్తి గటగటా తాగి, "నాకు నీళ్లున్నాయి, నా ప్రభువుకు లేవు" అంటాడట. షెడ్డంతా ఏడుస్తుందట. ఆ మాట కోసమే ఆడవాళ్లు రెండో చేతిరుమాలు తెచ్చుకుంటారట. సీతాబాయి నోట్లోంచి నీళ్లు తీసేసినవాడు, పెద్దమ్మా, దాహం మీద స్పెషలిస్టు.

మందిరానికి వచ్చి కూర్చుంటే ఆమెకు నెమ్మదిగా ఉంటుందేమో అని సీతాబాయికి ఈ సంగతంతా చెప్పాను.

"మీ దేవుడు ఏమడిగిండు?" అంది.

"దాహమైతుంది అన్నడు."

"ఇచ్చిన్రా?"

"చిరక ఇచ్చిన్రు, పులిసిన ద్రాక్షరసం. స్పంజిల ముంచి."

"అయితే అక్కడ గూడ దేవసహాయమే మేస్త్రీ" అంది.

మందిరంలో మైకూ స్పీకర్లూ చూసేది నేనే. బల్ల మీద గ్లాసు పెట్టేదీ నేనే. నాకొక ఆలోచన వచ్చింది. నీకు చెప్పను. చెప్తే ఆపుతావు.

తిమోతి


జోగిపేట,
ఏప్రిల్ మొదట్లో, మట్టలాదివారం ముందు.

తిమోతీ,

నీ ఆలోచన ఏదో నాకు తెలియదు. తెలియకుండానే చెప్తున్నాను, చెయ్యకు. చిన్నప్పుడు నువ్వు నాకు చెప్పకుండా చేసినవాటిలో మంచిది ఒక్కటీ లేదు. మన మిషన్ కాంపౌండు మేక మెడలోని గంట తీసి పాస్టరు గారి సైకిలుకు కట్టినప్పుడూ నీకు ఆలోచనే వచ్చింది.

ఆ బిడ్డకు పథ్యం పెట్టండి. నూనె వద్దు. నేను మోకరించే ఉన్నాను. అడ్రసు సరిగ్గానే చెప్తున్నాను.

నీళ్ల సంగతికి జవాబు రాలేదు.

పెద్దమ్మ


మాదాపూర్,
ఏప్రిల్, ఈస్టరు అయ్యాక.

పెద్దమ్మకు వందనాలు.

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ముందే అందినా ఆగేవాణ్ణి కాదు.

సంపులో ముంచి తెచ్చిన నీళ్లను స్టీలు గ్లాసులో పోసి, మూత పెట్టి, బల్ల మీద పెట్టాను. స్టీలు కాబట్టి రంగు కనపడదు. నా ప్లాను ఇది. దేవసహాయం గారు ఒక గుక్క తాగుతాడు, ఉమ్మేస్తాడు, "ఏం నీళ్లయ్యా ఇవి" అంటాడు. అప్పుడు నేను మైకు అందుకుని "మీ కూలీలవేనండి" అంటాను. ఆ ఒక్క మాట కోసం అద్దం ముందు నిలబడి ముఖం కూడా తయారు చేసుకున్నాను.

గుడ్ ఫ్రైడే మిట్టమధ్యాహ్నం, రేకుల కింద, మనుషులు ఇడ్లీల్లా ఉడుకుతున్నారు. నాలుగో మాట అయింది. ఆయన లేచాడు. గొంతు వణికించాడు, ఆరబెట్టాడు. కళ్లు మూసుకున్నాడు, గ్లాసు ఎత్తాడు. నేను మైకు తీగ చేతిలో పట్టుకుని రెడీగా ఉన్నాను.

పెద్దమ్మా, మొత్తం తాగేశాడు. అలవాటు ప్రకారం గటగటా అడుగుదాకా తాగేశాడు. రుచి తెలిసేసరికి గ్లాసు ఖాళీ. ముఖం మెలితిరిగింది. కనుగుడ్లు పైకి పోయాయి. రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు. ఉమ్మడానికి చోటు లేదు, ఎదురుగా పాస్టరు గారి భార్య కూర్చుంది. మింగాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్లీ తెరిచాడు, రాలేదు.

షెడ్డు గొల్లుమంది. అంత ఏడుపు ఆ మందిరంలో ఎప్పుడూ వినలేదని తర్వాత చెప్పుకున్నారు. ముందు వరసలో కూర్చునే రత్నమాల గారు పక్కావిడ మీద వాలిపోయారు. మా పాస్టరు గారు లేచి, "చూశారా అండి, ఆయనకి మాటే రావట్లేదండి. చిరక చేదు తెలిసిందండి ఆయనకి. ఇదండీ ధ్యానమంటే" అన్నారు.

నా ఒక్క మాట నా నోట్లోనే ఉండిపోయింది. ప్రభువు చేదు అని ఏడుస్తున్నవాళ్ల మధ్య నిలబడి, కాదు సంపు చేదు అని ఎలా చెప్పను? తయారు చేసుకున్న ముఖం మాత్రం అలాగే పెట్టుకుని నిలబడ్డాను. నేను కూడా కదిలిపోయానని అందరూ అనుకున్నారు. ఆ రోజే ఇద్దరు బాప్తిస్మానికి పేరిచ్చారు.

ఈస్టరు నాడు దేవసహాయం గారు రాలేదు. వాంతులు, విరేచనాలు, సెలైన్. సిలువను గురించి అంత బలంగా చెప్పినందుకు సాతాను కక్ష కట్టాడని పాస్టరు గారు ప్రకటించారు. సాతానును బంధించమని అందరూ చేతులెత్తారు. ఆ సాతాను మైకు సరిచేస్తూ ఆమెన్ అన్నాడు.

నవ్వుకుంటూ సైట్‌కు పోయి సీతాబాయికి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆయినకు సెలైన్ పెట్టిన్రా?"

"పెట్టిన్రు."

"అయితే మంచిగైతడు" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ట్యాంకర్ రాలేదు.

తిమోతి


జోగిపేట,
ఏప్రిల్ చివర.

తిమోతీ,

దీవెనలు ఈసారి లేవు.

నవ్వాను. అది ముందే ఒప్పుకుంటున్నాను. పాస్టరు భార్య ఎదురుగా కూర్చుందన్న చోట కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కింటి వీరలక్ష్మి పరుగెత్తి వచ్చి, "ఏమైంది మార్తమ్మా, దమ్ము తిరుగుతలేదా" అంది. తర్వాత సీతాబాయి గోడవైపు తిరిగిన చోటుకు వచ్చాను. నవ్వు పోయింది, ఇంకా తిరిగి రాలేదు.

ఆ రోజు సిలువ దగ్గర ఎవరెవరున్నారో గుర్తు చేసుకో. దాహమన్న ఆయన ఉన్నాడు. ఏడ్చిన ఆడవాళ్లున్నారు. స్పంజి ముంచి నోటికి అందించిన సిపాయి ఒకడున్నాడు. వీళ్లలో నువ్వు ఎవరివి? మంచి సిపాయివి కావాలని పేరు పెడితే, పోయి పోయి ఆ సిపాయివి అయ్యావు. దేవసహాయం చెడ్డవాడే. కానీ గొంతెండి చెయ్యి చాపిన మనిషికి మురికినీళ్లు పోసింది నువ్వు. ఆయన సీతాబాయికి చేసిందీ అదే. ఇగ నీకూ ఆయనకూ తేడా ఏంది? ఆయనకు కారుంది.

నీకు ఎప్పుడూ చెప్పని ముచ్చట ఒకటి చెప్తాను. గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదు.

నువ్వు పుట్టకముందు, నేను కొత్తగా ఊళ్లు తిరుగుతున్నప్పుడు, ఒక ఊళ్లో ఎండకు నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మనల్ని బావి ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. ఆ రోజు ఎవరూ పోయలేదు. వచ్చారు, తోడుకున్నారు, పోయారు. నేను తిట్టలేదు. శపించడం నాకు బాగా వచ్చు, అయినా శపించలేదు. వెనక్కి కూడా పోలేదు. బావి గచ్చుకు ఇవతల చతికిలబడి కీర్తన ఎత్తుకున్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసు. నేను పాడితే మన కాంపౌండు కుక్కలు ఊరవతలికి పోయేవి. ఒక కీర్తన అయింది. రెండోది మొదలుపెట్టాను. పటేలు ఇంట్లోంచి కేక వినిపించింది, "ఆ అమ్మకు నీళ్లు పొయ్యున్రే, నీళ్లు పోసి తోలున్రి" అని. పోశారు. తాగాను. కృతజ్ఞతగా ఇంకోటి పాడాను.

ఆ తర్వాత ఆ ఊరి పొలిమేరలో నేను కనపడితే చాలు, చెంబు ఎదురొచ్చేది. భక్తితో కాదు, భయంతో. ఆ చెంబు తెచ్చిన చంద్రమ్మే ఆ ఊళ్లో మొదట నా దగ్గర వాక్యం విన్నది.

ఓర్చుకోవడమంటే నోరు మూసుకోవడమని నీకు ఎవరు చెప్పారు? లేచి పోకపోవడం ఓర్చుకోవడం. పౌలు కూడా నువ్వొక్కడివే అనుభవించు అనలేదు, నాతో కూడా రా అన్నాడు. పక్కన కూర్చోవడానికి రాని మనిషికి ఆ మాట చెప్పే హక్కు లేదు. దేవసహాయానికి లేదు. నీకూ లేదు. నీళ్ల సంగతి మళ్లీ అడుగుతున్నాను.

ఇప్పుడు చెయ్యాల్సింది విను. ఆయన ఇంటికి పట్టపగలు పోయి, ఏం పోశావో ముఖం మీద చెప్పు. క్షమాపణ అడుగు. తర్వాత పోయి సీతాబాయి పక్కన కూర్చో. ఆ నీళ్లు తాగమనడం లేదు, నిన్ను చావమనడం లేదు. కూర్చో. తర్వాతి పని అక్కడే కనపడుతుంది.

మార్తమ్మ


మాదాపూర్,
మే.

పెద్దమ్మకు వందనాలు.

నేను తాగేది ఆఫీసు కూలర్ నీళ్లు. చాలునా? కరెంటు పనివాణ్ణి కాబట్టి నన్ను ఇంజినీర్ల గదిలోకి రానిస్తారు. పొద్దున్నే సీసాలు నింపుకుంటున్నాను. ఒకటి సీతాబాయికి, ఒకటి నాకు. గుడిసెల్లో మిగతావాళ్లు అడుగుతారని గుడ్డలో చుట్టి, స్విచ్ బోర్డు వెనక నిలబడి తాగుతున్నాను. దేవసహాయం గారిని తిట్టిన ప్రతిసారీ నా గొంతు చల్లగానే ఉంది.

ఆయన ఇంటికి పోయాను. మంచం మీద ఉన్నాడు, సగమయ్యాడు. వాళ్లావిడ కాచి చల్లార్చిన నీళ్లు ఇచ్చింది. నేను ముట్టుకోలేదు.

"రా తిమోతీ. నాకోసం ప్రార్థన చేస్తున్నావా?"

"గుడ్ ఫ్రైడే నాడు గ్లాసులో పోసింది సంపు నీళ్లండి. మన సైట్‌వి. కావాలనే పోశాను. తప్పు చేశాను. క్షమించండి."

ఆయన లేచి కూర్చున్నాడు.

"ఆ నీళ్లా? కూలోళ్లు తాగేవా?"

"అవేనండి."

"అదీ సంగతి. వాళ్లకైతే అలవాటయ్యా. మన ఒంటికి పడవు."

క్షమాపణ అడగడానికి పోయినవాణ్ణి, ఆయన గొంతు పట్టుకోబోయాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు చెప్పే ఓర్పు ఇదే అయితే చాలా నొప్పి పెడుతుంది, ముందే చెప్పాల్సింది.

"నన్ను మందిరంలో నిలబెట్టండి. అందరి ముందూ ఒప్పుకుంటాను. ట్యాంకర్ మాత్రం తెప్పించండి" అన్నాను.

"మందిరంలోనా? వద్దొద్దు. ఆ ప్రసంగం విని ఇద్దరు బాప్తిస్మానికి పేరిచ్చారు. అది సంపు నీళ్ల వికారమని చెప్తే వాళ్ల విశ్వాసం ఏం గాను? నోరు మూసుకుని పని చేసుకో. మేడ అయ్యాక లోపల పర్మినెంటు పని చూస్తాను. మెళ్లో కార్డు వేసుకుని ఏసీలో తిరగొచ్చు."

"ట్యాంకర్ సంగతండి?"

"వానలు పడనీ చూద్దాం."

సీతాబాయికి ఎనిమిదో నెల. ఆమెను వానల దాకా ఆగమను, లేదా వానల్ని ముందే రమ్మను.

పై స్లాబు పోసే రోజు వచ్చింది. కాంక్రీటు పోస్తున్నంతసేపూ కరెంటు వైబ్రేటర్లు పెట్టి దాన్ని కుదించాలి. లేకపోతే లోపల బొక్కలు పడతాయి. ఆ కరెంటు నా చేతిలో ఉంది. మెయిన్ స్విచ్ తీసేసి, కిందికి వచ్చి, తాగే నీళ్ల ఖాళీ డ్రమ్ము పక్కన కూర్చున్నాను. వీరేశం పైనుంచి తొంగి చూశాడు.

"ఏందిర, కరెంటు పోయిందా?"

"నేనే తీసిన."

"ఎందుకు?"

"నీళ్లొచ్చేదాక ఎయ్య."

నన్ను, డ్రమ్మును చూశాడు. దిగి వచ్చి, "జర జరుగు" అని పక్కన కూర్చున్నాడు. సీతాబాయి గుడిసెలోంచి గోడ పట్టుకుని వచ్చి కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే తట్టలు బోర్లించి వచ్చారు. నువ్వు బావి దగ్గర చేసినట్టే నేను కీర్తన ఎత్తుకున్నాను. మన ఇంటి గొంతే కదా. వీరేశం చెవులు మూసుకుని, "నీళ్లు రాకున్న మంచిదే, నువ్వు ఆపు" అన్నాడు. సీతాబాయి నవ్వింది. పచ్చటి కళ్లతో. ఎన్నాళ్లకో.

మేస్త్రీ తిట్టాడు, పోలీసులన్నాడు. పెద్ద ఇంజినీరు వచ్చాడు. కలిపిన కాంక్రీటు గట్టిపడుతోందని ఆయన కంగారు. ఏం కావాలి అని అడిగాడు. నీళ్లన్నాను. ఇంతేనా అన్నాడు. ఎవరినో ఫోన్లో ఇంగ్లీషులో తిట్టాడు. కాసేపట్లోనే ట్యాంకర్ గేటులోకి వచ్చింది, పెద్దమ్మా. మంచినీళ్లు. ఆడవాళ్లు ముందు తాగలేదు, ముఖాలు కడుక్కున్నారు. ఇప్పుడు రోజూ వస్తోంది. ఇంజినీరు తన మనిషిని పెట్టి చూసుకుంటున్నాడు. దయ కాదు, ఇంకో స్లాబు ఉంది.

సాయంత్రం నన్ను పనిలోంచి తీసేశారు. వీరేశం వాళ్లు మళ్లీ కూర్చుంటామన్నారు. వద్దన్నాను, మీకు నీళ్లు నిలవనీ అన్నాను. గచ్చిబౌలి దాకా ఏ సైట్‌కు పోయినా నాకంటే ముందు నా పేరు పోయి కూర్చుంది. మందిరంలో లేచి గ్లాసు సంగతి చెప్పబోతే పాస్టరు గారు మైకు తీసుకున్నారు. "మీరు వేరే మందిరం చూసుకుంటే అందరికీ సమాధానంగా ఉంటుందండి" అన్నారు. చూసుకోను. ఏ మందిరానికీ పోను. ఇంక చాలు.

తిమోతి


జోగిపేట,
జూన్.

ప్రియమైన కొడుకు తిమోతికి దీవెనలు. ఈసారి ఉన్నాయి.

నీళ్లు వచ్చినందుకు ప్రభువుకు స్తోత్రం. పని పోయినందుకు స్తోత్రం చెప్పమంటే మాత్రం నా వల్ల కాలేదు, రెండుసార్లు ప్రయత్నించాను. నువ్వు రోజుకు ఒకపూటే తింటున్నావని నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. నీ అక్షరాలు సన్నబడ్డాయి.

ఇప్పుడు నీ దగ్గర ఉన్నది కష్టం. నిజమైనది, నీ సొంతం. దాన్ని ఎవరికీ ప్రసంగించకు.

మందిరానికి పోనన్నావు. పోతావు. ఆ రేకులు దేవసహాయం వేయించి ఉండొచ్చు, లోపలి ఆయన్ను దేవసహాయం వేయించలేదు. నువ్వు లేచి వస్తే వాళ్లందరికీ సుఖం. ఆ సుఖం వాళ్లకు ఇవ్వకు. కోపంతోనే పో. కోపం తగ్గాక పోదామనుకుంటే నీ జన్మలో పోవు.

నా గొంతును అవమానించిన వీరేశానికి వందనాలు చెప్పు.

పెద్దమ్మ


బాలానగర్,
జూలై.

పెద్దమ్మకు తిమోతి వందనాలు.

బాలానగర్‌లో కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపులో పని దొరికింది. సాయిచంద్ అని ఓనరు. మందిరం, కాంట్రాక్టరు, సిపారసు ఏదీ అడగలేదు. కాలిన మోటారు ముందు పడేసి, "తిప్పు" అన్నాడు. తిప్పాను. కూలి అక్కడికంటే తక్కువ. చేతులకు వార్నిష్ వాసన పోదు. రెండుపూటలా తింటున్నాను.

సీతాబాయి కాన్పు కష్టమైంది. మేమందరం దవాఖాన మెట్ల మీద కూర్చున్నాం. వీరేశం ఎల్లమ్మకు మొక్కాడు, నేను మన ఆయనకు చెప్పాను, ఒకళ్లకొకళ్లం అడ్డం రాలేదు. ఆడపిల్ల. బక్కగా ఉంది, గొంతు మాత్రం నీది. తల్లి కళ్లు తెల్లబడుతున్నాయి.

మందిరానికి పోతున్నాను. నువ్వు చెప్పావని కాదు, వాళ్లు వద్దన్నారని. మొదటి ఆదివారం నేను కూర్చోగానే నా చుట్టూ ఉన్న చాపలు జరిగాయి. నా చాప ఒక్కటే మధ్యలో చెరువులో దిబ్బలా మిగిలింది. మైకు ఇంకొకడికి ఇచ్చారు. అది ఈలలు వేస్తుంటే ఒక తీగ మార్చితే పోతుందని తెలిసీ కూర్చున్నాను. ఎవరూ వందనం చెప్పలేదు. రెండో ఆదివారం అంతే. లేచి పోదామని ప్రతి పాటకూ అనిపించింది. పాటకు అందరితో పాటు లేచి, అందరితో పాటు కూర్చున్నాను.

మొన్న ఆదివారం సీతాబాయి వచ్చింది. పిల్లను కొంగులో వేసుకుని, చెప్పులు బయట విడిచి, నేరుగా నా చాప మీదికి వచ్చింది.

"ఏంది, ఇట్లొచ్చినవ్?" అన్నాను.

"ఫ్యానున్నదంట గద. గుడిసెల పిల్ల ఉడుకుతున్నది."

"మొక్కుతవా?"

"ముందు కూసోనీ."

దేవసహాయం గారు ప్రసంగానికి లేచాడు. ఒళ్లు వచ్చింది, రంగు వచ్చింది. మళ్లీ ఓర్పే ఎత్తుకున్నాడు, వేరే ఏదీ రాదేమో పాపం. కష్టాల కొలిమి అన్నాడు, పుటం వేసిన బంగారం అన్నాడు. నేను చేతులు తొడల కింద పెట్టుకున్నాను. బంగారం కరిగేలోపే సీతాబాయి గోడకు ఆనుకుని నిద్రపోయింది. మామూలు నిద్ర కాదు. పెళ్లయిన నాటినుంచి బాకీ ఉన్నట్టు, నోరు తెరుచుకుని, గురకతో. మైకు లేకుండానే షెడ్డంతా వినపడింది.

రత్నమాల గారు వెనక్కి తిరిగి చూశారు. పాస్టరు గారు నన్ను చూసి కళ్లతో సైగ చేశారు, లేపమని. ఇద్దరు పెద్దలు చేత్తో సైగ చేశారు. దేవసహాయం గారు మాట ఆపి మావైపు చూశాడు. ఆమెను గుర్తుపట్టాడు. నేను కూడా ఆయన్నే చూశాను. కాగితాలు సర్దుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు గానీ, గొంతు తగ్గించాడు. సిగ్గుతోనో, మర్చిపోయో, నాకు తెలియదు. తెలుసుకుని నేను చేసేదీ ఏం లేదు.

పిల్ల ఆమె ఒళ్లోంచి జారుతుంటే నా ఒళ్లోకి తీసుకున్నాను. ఆమెను మాత్రం లేపలేదు.

నీ కొడుకు,
తిమోతి